నీళ్లను తరిమే గాలి

అక్టోబరు వచ్చిందంటే అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో ఇళ్ల ముందు ఎయిర్ కంప్రెసర్ల రొద మొదలవుతుంది. వేసవంతా బండి వెనక తగిలించుకుని తిరిగిన చక్రాల ఇంటిని, అంటే ట్రావెల్ ట్రైలర్‌ను, చలికాలానికి పక్కన పెట్టే ముందు, పైపుల్లో మిగిలిన నీళ్లు గడ్డకట్టకుండా వాటిని గాలి కొట్టి బయటికి తోలేస్తారు.

తొలితరం యాత్రికులకు ఈ బెడద లేదు. 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో పుట్టిన ‘టిన్ క్యాన్ టూరిస్ట్స్’ సంఘం వాళ్లు చలికాలం గడపడానికి దక్షిణాదికే చేరేవారు. 1930ల్లో మిషిగన్‌లో ఆర్థర్ షెర్మన్ ‘కవర్డ్ వాగన్’ ట్రైలర్లను ఫ్యాక్టరీలో తయారు చేయించిన కాలంలో నీటి ఏర్పాటంటే ఓ చిన్న ట్యాంకు, సింకు పక్కన చేతిపంపు. ట్యాంకు ఖాళీ చేస్తే దాదాపు పని అయిపోయినట్టే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ట్రైలర్లోకి వేడినీళ్లు, షవరు, టాయిలెట్ వచ్చాయి. 1957లో ఎయిర్‌స్ట్రీమ్ తెచ్చిన ‘ఇంటర్నేషనల్’ బయటి కనెక్షన్లు లేకుండానే సొంతంగా నడిచే ట్రైలర్. సౌకర్యం పెరిగేకొద్దీ నేల కింద, అల్మరాల వెనక పైపులూ పెరిగాయి. అప్పట్లో చాలా ట్రైలర్లలో ట్యాంకులోకి గాలి ఎక్కించేవారు. ఆ ఒత్తిడికే కుళాయిలో నీళ్లు వచ్చేవి. ఈ కథలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఇదే. కరెంటు పంపులు వచ్చి గాలిని ఆ పని నుంచి తప్పించాయి. నీళ్లు తెచ్చిపెట్టిన గాలికి ఇప్పుడు మిగిలింది, ఏడాదికోసారి వాటిని వెళ్లగొట్టే కొలువు.

ఆ కొలువు చిన్నది కాదు. గడ్డకడితే నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. అయితే పైపు మంచు కట్టిన చోటే పగలాలని లేదు. మంచుగడ్డకూ మూసిన కుళాయికీ నడుమ ఇరుక్కున్న నీటికి పోయే దారి లేక ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. పైపు అక్కడ చిట్లుతుంది. చలికాలంలో సంగతి బయటపడదు. వసంతంలో నీళ్లు వదిలాక, గోడ లోపల చెమ్మగా తెలుస్తుంది.

గాలి కొట్టడానికి వాడేది బొటనవేలంత ఇత్తడి బిరడా. ఒక కొస నీటి గొట్టం బిగించే చోట పడుతుంది. రెండో కొసన ఉండేది కారు టైరుకుండే ష్రేడర్ వాల్వే. దాని పేటెంట్ 1893 నాటిది. ముందు వేడినీళ్ల హీటర్‌ను చల్లారనిచ్చి, ఖాళీ చేసి, దాన్ని పైపుల నుంచి తప్పించే బైపాస్ తిప్పాలి. లేకపోతే కొట్టిన గాలంతా హీటర్ ట్యాంకు నింపడానికే పోతుంది. ఒక కుళాయి తెరిచి ఉంచాకే గాలి వదలాలి, అదీ 40 పీఎస్ఐ దగ్గర. తొందరపడి ఒత్తిడి పెంచితే జాయింట్లు వదులవుతాయి. కుళాయి మొదట దగ్గినట్టు నీళ్లు కక్కుతుంది, తర్వాత తుంపర చిమ్ముతుంది, ఆఖరికి ఉత్త గాలి బుసకొడుతుంది. అప్పుడు దాన్ని కట్టేసి మరోదానికి వెళ్లాలి. వేడినీళ్ల వైపు, చన్నీళ్ల వైపు విడివిడిగా ఊదాలి.

సింకు కింద వంపులో నిలిచే నీరు మాత్రం గాలికి లొంగదు. అక్కడ చలికి గడ్డకట్టకుండా గులాబీ రంగు ప్రొపిలీన్ గ్లైకాల్ ద్రవం పోస్తారు. కారు రేడియేటర్లో వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషం, దాన్ని దగ్గరికి రానివ్వకూడదు. పైపులన్నీ ఆ గులాబీ ద్రవంతోనే నింపేవాళ్లూ ఉన్నారు. నా ఓటు గాలికే: వసంతంలో రుచి పోయేదాకా పైపులు కడిగే పని ఉండదు. పంపులో, వంపుల్లో ఆ ద్రవం కాస్త పోస్తే చాలు. ట్రైలర్ బయటి గోడకు మూత వెనక ఉండే షవరును మాత్రం మరవకూడదు. దాని రెండు కుళాయిలనూ తెరిచి ఊదాలి.