మొక్కజొన్న, చీజు, సున్నపు తేట

అమెరికా దేశమున విందులకు వచ్చిన అతిథుల ముందు మొదట పెట్టు వంటకములలో ఒకటి కలదు. లేత మొక్కజొన్న గింజలను కొద్దిపాటి వెన్నలో వేయించి, పచ్చిమిరప ముక్కలు, ఉల్లి, కొత్తిమీర చేర్చి, తురిమిన చీజు కలిపి, సన్నని సెగపై కరగనిత్తురు. నాలుగు కప్పుల గింజలకు రెండు కప్పుల తురుము చాలును. చల్లారక ముందే, మొక్కజొన్న పిండితోనే చేసిన కరకరలాడు అప్పడపు ముక్కలతో ఆ చిక్కని ముద్దను తీసికొని తిందురు. దీనిని మెక్సికో తరహా వంటకమని పిలుతురు.

ఈ పేరు సగము మాత్రమే నిజము. గిన్నెలోని గింజ, మిరప మెక్సికో దేశపు సొత్తు. ఉల్లి, కొత్తిమీర, చీజు అట్లాంటిక్ సముద్రము దాటి వచ్చినవి. ఇక కంటికి కనబడని వస్తువొకటి ఆ అప్పడపు ముక్కలో దాగియున్నది. అది సున్నము, మన తాంబూలమున వాడు సున్నమే. గింజ, సున్నము, పాలు అను ఈ మూడింటి చరిత్ర తెలిసినచో, రెండు వందల సంవత్సరములు వైద్యులను తికమకపెట్టిన ఒక వ్యాధి కథ కూడ తెలియును.

మొక్కజొన్నకు పూర్వరూపము టియోసింటె అను గడ్డి. దాని వెన్నులో పదింటికి అటునిటుగా గింజలుండును. ఒక్కొక్క గింజకు రాయి వంటి పెంకు. దక్షిణ మెక్సికోలోని బల్సాస్ నదీలోయ ప్రజలు సుమారు 9,000 సంవత్సరముల క్రిందట దీనిని సాగుచేయ నారంభించి, తరతరములుగా మంచి వెన్నులనే విత్తనమునకు ఉంచుకొనుచు కండెగా మార్చిరి. ఆ ప్రాంతమున ఒక రాతి చరియ క్రింద దొరికిన నూరుడురాళ్ళకు అంటియున్న మొక్కజొన్న పిండి రేణువులు సుమారు 8,700 సంవత్సరముల నాటివని 2009లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

పండి ఎండిన మొక్కజొన్న గింజ పైపొర బహు గట్టిది. దానిని రాతిపై నూరుట కష్టము. అందుచేత అక్కడి స్త్రీలు ఒక ఉపాయము కనుగొనిరి. కిలో గింజలకు సుమారు పది గ్రాముల సున్నము చొప్పున నీటిలో కలిపి, ఆ నీటిలో గింజలను ఉడికించి, రాత్రంతయు అటులనే నాననిచ్చి, తెల్లవారిన పిదప కడుగుదురు. పైపొర జిగురై ఊడిపోవును. ఆ గింజలను నూరినచో సాగెడి ముద్ద వచ్చును. దానిని పలుచగా తట్టి కాల్చినదే మెక్సికో రొట్టె. సున్నము లేనిచో కొందరు కట్టెల బూడిద వాడిరి. ఇట్లు ఉడికించిన గింజకు 'నిష్టమల్' అని పేరు. అక్కడి నహువాతల్ భాషలో 'నెష్ట్లి' యనగా బూడిద. గ్వాటెమాలా దక్షిణ తీరమున ఈ పద్ధతి క్రీస్తుకు పూర్వము 1500 - 1200 సంవత్సరముల మధ్యనే అమలులో నుండినట్లు ఆధారములు కలవు.

గింజ మెత్తపడుటకై చేసిన ఈ పని లోపల మరియొక మేలు చేసెను. మొక్కజొన్నలో నికోటినిక్ ఆమ్లమను విటమిను లేకపోలేదు. కాని అది పెద్ద అణువులకు కట్టుబడి యుండుటచే మన జీర్ణరసములు దానిని విడదీయలేవు. సున్నపు తేట క్షారము గనుక ఆ కట్టు తెగి విటమిను బయటపడును. దీనికితోడు సున్నములోని కాల్షియము కూడ రొట్టెలో చేరును. రసాయనశాస్త్రమన్న పేరే పుట్టని కాలమున, కారణము తెలియకయే, కొన్ని వేల సంవత్సరములు ఈ ప్రయోగము ప్రతి ఇంటను ప్రతి రాత్రి జరిగెను.

మెక్సికో ప్రజలకు పాడి మాత్రము లేదు. వారు పెంచిన జంతువులు కుక్కయు, సీమకోడియు. 1521 ఆగష్టు 13న టెనోచ్‌టిట్లాన్ నగరము స్పెయిన్ సైన్యము వశమైన తరువాతనే ఆవులు, మేకలు ఆ దేశమున వ్యాపించెను; వాటి వెంట చీజు వచ్చెను. మిచోఅకాన్ రాష్ట్రమున కొతీహా అను ఊరి పేర వెలసిన ఉప్పని చీజును నేటికిని వీధులలో అమ్ము మొక్కజొన్న గింజలపై చల్లుదురు. ఆ గింజలకు 'ఎస్కీటెస్' అని పేరు. నిమ్మరసము, కారము కూడ చేర్తురు. విందు గిన్నెలోని వంటకమునకు దగ్గర చుట్టము ఇదియే. అయితే కొతీహా చీజు కరగదు. బాగుగా కరగు చీజు ఉత్తర మెక్సికోలో వేరొక దారిని వచ్చినది. 1922లో కెనడా నుండి చివావా రాష్ట్రమునకు వలసవచ్చిన మెన్నొనైట్ అను క్రైస్తవ శాఖ రైతులు దానిని తయారుచేయసాగిరి.

చీజును కరగించుటలో గృహిణులకు తరచుగా ఎదురగు చిక్కొకటి కలదు. సెగ హెచ్చయినచో నూనె వేరై పైకి తేలును, అడుగున రబ్బరు వంటి ముద్ద మిగులును. పాలలోని కేసీన్ అను మాంసకృత్తును కాల్షియము కలిపి పట్టియుంచును. ఆ కట్టు గట్టిగా నున్నంతకాలము కేసీన్ కొవ్వును చక్కగా తనలో ఇముడ్చుకొనలేదు. 1911లో స్విట్జర్లాండు దేశస్థులు గెర్బర్, స్టెట్లర్ అనువారు సిట్రేటు లవణము కలిపినచో అది కాల్షియమును లాగుకొనునని, చీజు నున్నగా కరగునని కనుగొనిరి. డబ్బాలలో అమ్ము చీజునకు మూలమిదే. ఒకే గిన్నెలో ఎంత విచిత్రమో చూడుడు: అప్పడమునకు కాల్షియమును చేర్చవలెను, చీజునుండి కాల్షియమును తొలగింపవలెను. సిట్రేటు లేనివారు చెంచాడు మొక్కజొన్న గంజిపిండి తురుములో కలిపి, సెగ తగ్గించినను పని నెరవేరును.

ఇక కథలోని చేదు భాగము. 1493లో కొలంబస్ ఓడలు స్పెయినుకు తిరిగివచ్చిన నాటినుండి మొక్కజొన్న విత్తనము ఐరోపాలో ప్రవేశించెను. విత్తనము వచ్చెను గాని సున్నపు తేట రాలేదు. ఓడలలో వచ్చినవారు యోధులు, వర్తకులు. రాత్రి గింజలు నానబెట్టిన స్త్రీలు కారు. పైగా ఐరోపాలో నీటిమరలుండెను. ఎండిన గింజనే మరలో పోసి పిండి చేయవచ్చును గనుక నానబెట్టు శ్రమ వారికి వ్యర్థముగా తోచియుండును.

స్పెయిన్‌లోని అస్టూరియస్ ప్రాంతమున 1735లో గాస్పర్ కాసల్ అను వైద్యుడు పేద రైతులలో ఒక కొత్త వ్యాధిని గమనించెను. ఎండ తగిలిన చోట చర్మము ఎఱ్ఱబారి, గరుకెక్కి, పొట్టు లేచును. మెడ చుట్టును హారమువలె మచ్చ యేర్పడును. తరువాత విరేచనములు, మతిభ్రమణము, తుదకు మరణము. ఆ రైతుల తిండి ముఖ్యముగా మొక్కజొన్న యనియు, మాంసము వారికి అరుదనియు ఆయన వ్రాసెను. ఆ గ్రంథము ఆయన మరణానంతరము 1762లో వెలువడెను. 1771లో మిలాన్ వైద్యుడు ఫ్రపోల్లి 'పెల్లాగ్రా' అను పేరును గ్రంథస్థము చేసెను. గరుకు చర్మమని దాని అర్థము. ఉత్తర ఇటలీలో మొక్కజొన్న సంకటియే మూడు పూటల ఆహారమైన పల్లెలలో ఈ రోగులు వేలకొలది ఉండిరి. కారణము బూజుపట్టిన గింజలలోని విషమని లోంబ్రోసో వంటి పండితులు పట్టుబట్టిరి. అదే గింజను తిని మెక్సికో వాసులు ఆరోగ్యముగా నుండిరన్న సంగతి వారిలో పెక్కురకు పట్టలేదు.

ఇరువదవ శతాబ్దారంభమున ఇదే వ్యాధి అమెరికా దక్షిణ రాష్ట్రములలో విజృంభించెను. ప్రత్తి పొలములలోని కౌలుదారులకు, మిల్లు కూలీలకు మొక్కజొన్న పిండి, పంది కొవ్వు, బెల్లపు పాకము, ఇంతే తిండి. సుమారు 1906 నుండి 1940 వరకు ముప్పది లక్షలమంది దీని పాలైరనియు, లక్షమంది చనిపోయిరనియు అంచనా. ఇది అంటువ్యాధి యని నాటి వైద్యులలో పలువురి నమ్మకము.

1914లో ఈ పరిశోధనకు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ నియుక్తుడయ్యెను. ఆయన పిచ్చాసుపత్రులను చూచి ఒక చిన్న విషయము గ్రహించెను. రోగులకు పెల్లాగ్రా వచ్చుచున్నది, దగ్గరనుండి సేవచేయు దాదులకు రావడములేదు. అంటువ్యాధి యైనచో ఈ పక్షపాత మెందులకు? మిసిసిపీ రాష్ట్రపు అనాథ శరణాలయములలో పిల్లలకు పాలు, గ్రుడ్లు, చిక్కుళ్ళు హెచ్చుగా పెట్టించగా వ్యాధి దాదాపు మాయమయ్యెను. 1915లో అదే రాష్ట్రమున రాంకిన్ జైలు పొలములో, శిక్ష రద్దగునన్న హామీపై పదునొకండుగురు ఖైదీలు కేవలము మొక్కజొన్న, వరి, చక్కెర, చిలగడదుంప ప్రధానమైన ఆహారము తినుటకు అంగీకరించిరి. కొన్ని నెలలకు ఆరుగురిలో వ్యాధి లక్షణములు కనబడెను. స్వేచ్ఛ ఎరగా చూపి ఆరోగ్యవంతులకు రోగము తెప్పించుట నేటి నీతికి నిలువదు. అయినను విమర్శకులు లొంగలేదు. 1916లో గోల్డ్‌బెర్గర్ తన శరీరముననే రోగి రక్తమును ఎక్కించుకొనెను, రోగుల చర్మపు పొట్టును గోధుమపిండితో ఉండచేసి మ్రింగెను. ఆయన భార్య మేరీ కూడ రక్తపు సూది వేయించుకొనెను. ఎవరికిని వ్యాధి రాలేదు.

దరిద్రమే ఈ వ్యాధికి మూలమని ఆయన అనినప్పుడు దక్షిణ రాష్ట్రముల నాయకులు తమకు అవమానమని కోపించిరి. ఆయన 1929లో మరణించువరకు ఆ లోపించిన వస్తువేదో తేలలేదు. 1937లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున కాన్రాడ్ ఎల్వెహెమ్ నికోటినిక్ ఆమ్లముతో కుక్కలలోని ఇట్టి వ్యాధిని కుదిర్చెను. మనుష్యులకును అది పనిచేసెను. 1945లో మరొక ముడి వీడెను. మాంసకృత్తులలోని ట్రిప్టోఫాన్ అను ఆమ్లమునుండి దేహము తానే ఈ విటమినును తయారుచేసికొనును. 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ ఒక మిల్లీగ్రాము విటమినుకు సమానము. నూరు గ్రాముల ఎండు మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ అరవై, డెబ్బది మిల్లీగ్రాములే. అదే తూకపు చీజులో సుమారు మూడు వందలు. పాలలో విటమిను బహు స్వల్పమైనను పాలు త్రాగిన అనాథ బాలురు కోలుకొనుటకు కారణమిది. పాడి లేని మెక్సికో వాసులను సున్నపు తేట, చిక్కుళ్ళు కాపాడెను. విందు గిన్నెలో నేడు ఆ రెండు రక్షణలును ఒకచోట చేరినవి, రుచి కొరకు మాత్రమే.

మొక్కజొన్న ప్రధానాహారము కాని చోట కూడ పెల్లాగ్రా కనబడుట వింత. తెలంగాణములో జొన్నరొట్టె, జొన్నగటక తప్ప వేరు తిండి లేని కూలీలలో ఈ వ్యాధి కనబడెను. జొన్నలో ట్రిప్టోఫాన్ మొక్కజొన్నలోవలె అంత కొరతగా నుండదు. హైదరాబాదు నగరమునకు కూనూరునుండి తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయమున సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠయ్య ఈ చిక్కును పరిశీలించి, జొన్నలో హెచ్చుగానున్న ల్యూసిన్ అను ఆమ్లము విటమిను పనికి అడ్డువచ్చుచున్నదని 1960లో సూచించిరి. తరువాతి పరిశోధకు లందరును దీనిని అంగీకరించలేదు. వాదము చాలకాలము సాగెను. ఆ పరిశోధనాలయమే 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయ్యెను.

వ్యాధి కారణము పూర్తిగా తెలిసిన అర్ధశతాబ్దమునకు, 1990లో, ఆఫ్రికాలోని మలావీ దేశమున శిబిరములలో తలదాచుకొన్న మొజాంబిక్ శరణార్థులలో 18 వేలమందికి పైగా పెల్లాగ్రా పాలైరి. వారికిచ్చు బత్తెములో ముఖ్యమైనది మొక్కజొన్న పిండి. దానితోపాటు వచ్చుచుండిన వేరుసెనగలు అంతకు కొన్ని నెలల ముందు ఆగిపోయెను.