ప్రవేశ పరీక్ష – మాతృభాష : ఒక చారిత్రక పరిశీలన

పాఠశాలకూ కళాశాలకూ నడుమ ఉన్న గడప ప్రవేశ పరీక్ష. ఆ గడప ఎత్తు కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. అక్కడ నిలిచి విద్యార్థిని ప్రశ్నించే భాష కూడా మారుతూ వచ్చింది. ఎత్తును గురించిన చర్చ పత్రికల్లోనూ, శాసనసభల్లోనూ, న్యాయస్థానాల్లోనూ విస్తారంగా సాగింది. భాషను గురించిన చర్చ అంతగా సాగలేదు. తమిళనాట తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు మాత్రం ఈ రెండవ విషయమే ముఖ్యమైనది. కనుక ఆ చరిత్రను ఒకసారి వరుసగా పరిశీలించడం ఉచితం.

మెట్రిక్యులేషన్ నాళ్లు

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. కళాశాలలో చేరగోరే వారికి మెట్రిక్యులేషన్ పరీక్షను అదే నిర్వహించేది. ఆ పేరుకే ప్రవేశమని అర్థం. ఆంగ్లం అందరికీ తప్పనిసరి. తెలుగు, తమిళం వంటి దేశభాషలకు ఆ పరీక్షలో ఐచ్ఛిక భాషలుగా స్థానముండేది. అంటే తెలుగు అధ్యయన విషయమే గాని, శాస్త్రాలను చదివి సమాధానాలు వ్రాసే మాధ్యమం కాదు. ఆంగ్ల పాఠాన్ని కంఠస్థం చేయడమే నాటి విద్యార్థుల సన్నాహంలో ప్రధాన భాగమైంది.

1911లో ఎస్.ఎస్.ఎల్.సి. విధానం అమలులోకి వచ్చింది. ఇంచుమించు అదే కాలంలో తెలుగు వ్యాసరచన పరీక్షను గురించి గొప్ప వివాదం చెలరేగింది. విద్యార్థి ఏ తెలుగులో వ్రాయాలి? గ్రాంథికంలోనా, శిష్టవ్యావహారికంలోనా? గిడుగు రామమూర్తి పంతులు, గురజాడ అప్పారావు వ్యావహారికం పక్షాన నిలిచారు. జయంతి రామయ్య పంతులు, 1911లో వెలసిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం పక్షాన నిలిచారు. 1914లో గురజాడ విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. ఆనాటికి గ్రాంథికమే నెగ్గింది. పండితుల వాదంగా పైకి కనిపించిన ఈ వివాదానికి మూలం పరీక్షా మందిరమే. ఇంట మాట్లాడే భాషకూ పరీక్షలో వ్రాయవలసిన భాషకూ దూరం పెరిగేకొద్దీ, చదువు వారసత్వంగా లేని కుటుంబాల పిల్లలు వెనుకబడతారన్న వాస్తవం ఆ చర్చలో తేటతెల్లమైంది. ఈనాటి సమస్యను అర్థం చేసుకొనడానికి కూడా ఇదే సూత్రం ఉపకరిస్తుంది.

సరిహద్దులు మారిన తరువాత

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1956లో భాషాప్రాతిపదికపై రాష్ట్రాల పునర్విభజన జరిగింది. 1960లో తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో చేరింది. సరిహద్దు రేఖకు ఇవతల నిలిచిన తెలుగు కుటుంబాలు తమ ఊరు విడవకుండానే అల్పసంఖ్యాక భాషా వర్గమయ్యాయి. రాజ్యాంగంలోని 30వ అధికరణం వారికి విద్యాసంస్థలను నెలకొల్పుకొనే హక్కునిచ్చింది. 1956లో చేర్చిన 350-ఎ అధికరణం మాతృభాషలో బోధనకు వసతులు కల్పించమని చెప్పింది. అయితే ఆ అధికరణం ప్రాథమిక దశతోనే ఆగిపోయింది. ఆ పైతరగతులకు గాని, ఆ తరువాత ఎదురయ్యే ప్రవేశ పరీక్షకు గాని అందులో ప్రస్తావన లేదు.

ఆంధ్రదేశంలో 1968లో తెలుగు అకాడమి ఏర్పడి ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయి పాఠ్యగ్రంథాలను తెలుగులో వెలువరించింది. త్వరణం, జడత్వం, ఆక్సీకరణం, కిరణజన్య సంయోగక్రియ వంటి మాటలతో ఉన్నత విజ్ఞానాన్ని బోధించవచ్చునని ఆ గ్రంథాలు నిరూపించాయి. ఎంసెట్ ప్రశ్నపత్రంలో ఆంగ్లంతోపాటు తెలుగుకూ చోటు దక్కింది. పాఠ్యగ్రంథం, ప్రశ్నపత్రం ఒకే భాషలో ఉండడం వలన అక్కడి గ్రామీణ విద్యార్థికి సన్నాహం కొంత సులభమైంది. తమిళనాట 1978లో ప్లస్ టూ విద్య ఆరంభమైంది. ఇక్కడి పాఠ్యప్రణాళిక వేరు కావడంతో ఆ గ్రంథాలు తెలుగు విద్యార్థికి సహాయక గ్రంథాలుగానే పనికివచ్చాయి.

ప్రవేశ పరీక్ష వచ్చి, పోయి, తిరిగి వచ్చిన వైనం

1984లో తమిళనాడు ప్రభుత్వం వృత్తివిద్యా కోర్సులకు ప్రవేశ పరీక్షను ప్రవేశపెట్టింది. ప్లస్ టూ మార్కులకు 200, ప్రవేశ పరీక్షకు 100, వెరసి 300 మార్కులకు అర్హతా క్రమం నిర్ణయించే పద్ధతి పెక్కేండ్లు సాగింది. పరీక్ష మొత్తంలో మూడవ వంతే అయినా, ఆ వంతే భవితవ్యాన్ని తేల్చేది. పట్టణాల్లో శిక్షణాలయాలు వెలిశాయి. పరీక్ష పూర్తికాగానే విద్యార్థులు పల్లె విడిచి నగరంలో బస చేసి చదివే అలవాటు మొదలైంది. రుసుము చెల్లించగల వారికీ చెల్లించలేని వారికీ మధ్య అగాధం ఏర్పడుతున్నదన్న కారణంతో 2006లో శాసనసభ ఈ పరీక్షను రద్దు చేసే చట్టం చేసింది. 2007 నుంచి ప్రవేశాలు ప్లస్ టూ మార్కుల మీదనే జరిగాయి. అప్పుడు తరగతి గదిలో చదివిన చదువే ప్రవేశానికి ప్రాతిపదిక అయింది.

ఈ స్థితి వైద్యవిద్యలో పదేండ్లే నిలిచింది. జాతీయ స్థాయి పరీక్ష నీట్ 2013 మే 5న తొలిసారి జరిగింది. ఆ ఏడే జూలైలో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. 2016 ఏప్రిల్‌లో ఆ తీర్పును తానే ఉపసంహరించుకొన్నది. 2017 నుంచి తమిళనాట వైద్యవిద్యా ప్రవేశాలకు నీట్ తప్పనిసరి అయింది. ప్రభుత్వ పాఠశాలల పిల్లలు నష్టపోతున్నారని గుర్తించి, రాష్ట్రం 2020లో వారికి వైద్యవిద్యలో 7.5 శాతం సీట్లను ప్రత్యేకించింది.

భాష విషయంలో జరిగినదేమి?

2017 నీట్ తెలుగుతో కలిపి 10 భాషల్లో జరిగింది. 2021 నాటికి ఆ సంఖ్య 13కు చేరింది. ఇది హర్షణీయం. కాని నిబంధనలను పరిశీలిస్తే ఒక చిక్కు కనిపిస్తుంది. 2024 పరీక్షకు వెలువడిన సమాచారపత్రం ప్రకారం, తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల కేంద్రాల్లోనే లభిస్తుంది. తమిళనాడు కేంద్రాల్లో ఆంగ్లం, హిందీ, ఉర్దూ, తమిళం మాత్రమే ఉంటాయి. ఎంపిక విద్యార్థి మాతృభాషను బట్టి గాక, పరీక్షా కేంద్రం ఏ రాష్ట్రంలో ఉన్నదన్న దానిని బట్టి జరుగుతున్నది. ఫలితంగా హోసూరులో తెలుగులో శాస్త్రాలు చదివిన బాలిక, తెలుగు ప్రశ్నపత్రం కావాలంటే సరిహద్దు దాటి పొరుగు రాష్ట్రంలోని కేంద్రాన్ని ఎంచుకోవాలి. లేదా ఆంగ్లంలోనో, తమిళంలోనో పరీక్ష వ్రాయాలి.

ఇందులోని కష్టం అంకెల్లో తెలుస్తుంది. 2017 పరీక్షలో 180 నిమిషాల్లో 180 ప్రశ్నలు. సరియైన సమాధానానికి 4 మార్కులు, తప్పుకు 1 మార్కు తగ్గింపు. ప్రశ్నకు ఒక్క నిమిషం. 'ఫోటోసింథసిస్' అన్న మాటను చూసి 'కిరణజన్య సంయోగక్రియ' అని మనస్సులో అనువదించుకొనే విద్యార్థికి ఆ నిమిషంలో కొన్ని క్షణాలు అనువాదానికే వెచ్చమవుతాయి. విషయం తెలియక కాదు, పేరు తెలియక మార్కు పోతుంది. గురజాడ కాలంలో గ్రాంథికం నిలిచిన చోటనే నేడు పరభాషా పరిభాష నిలిచి ఉన్నది.

కర్తవ్యం

ఈ చరిత్ర రెండు కర్తవ్యాలను సూచిస్తున్నది. మొదటిది పాఠశాలలది. తొమ్మిదవ తరగతి నుంచే ప్రతి శాస్త్రపాఠం చివర తెలుగు పదాన్నీ ఆంగ్ల పదాన్నీ పక్కపక్కన వ్రాయించి, ద్విభాషా పదకోశాన్ని విద్యార్థి చేతనే తయారు చేయించాలి. భావం మాతృభాషలో నాటుకున్న పిల్లవానికి రెండవ పేరు నేర్వడం భారం కాదు. భావమే లేక పేరు మాత్రం వల్లించిన వానికే భారం. దీనికి ధనం అక్కరలేదు, శ్రద్ధ చాలు. రెండవది సమాజానిది. ప్రశ్నపత్రం ఇప్పటికే తెలుగులో సిద్ధమవుతున్నది. దానిని హోసూరుకో, తిరుత్తణికో పంపడానికి క్రొత్త అనువాదం చేయనక్కరలేదు. భాషను రాష్ట్రం వెంట గాక విద్యార్థి వెంట నడవనిమ్మని అడగడమే కావలసింది. అల్పసంఖ్యాక భాషావర్గాల సంఘాలన్నీ కలిసి ఈ కోర్కెను విన్నవించడం సమంజసం.

డెబ్బదియైదేండ్లు ఒక పాఠశాల తెలుగులో అక్షరం దిద్దించిందంటే, ఆ అక్షరం గడప వద్ద ఆగిపోవాలని కాదు, గడప దాటాలని. మెట్రిక్యులేషన్ నాటి నుంచి నేటి వరకు ఆ గడపను మార్చినవి ప్రశ్నించిన గొంతులే. ఆ ప్రశ్నను ముందు తరాలకు అందించడం కూడా పాఠశాల నేర్పవలసిన చదువులో భాగమే.