మునిగిన లోయకు మిగిలిన నెగటివ్‌లు

నాగార్జునకొండ లోయలోకి కొలతటేపు పట్టుకొని దిగడం ఇక ఏ పరిశోధకుడికీ సాధ్యం కాదు. 1926లో ఎ. రంగస్వామి సరస్వతి వెలుగులోకి తెచ్చిన ఆ స్థలాన్ని 1927–31 మధ్య లాంగ్‌హర్స్ట్, ఆ తరువాత 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వించారు. ఆనకట్ట నిర్మాణంతో లోయ మునిగిపోతుందని తేలిన పిమ్మట, 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో విస్తృతమైన తవ్వకాలు సాగాయి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగేనాటికే పలుగు, పార అక్కడ పనిలో ఉన్నాయి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలోని కొన్ని కట్టడాలను కొండమీదికి, అనుపుకు తరలించి తిరిగి నిలబెట్టారు. తరలించిన స్తూపంలో ఇటుక దక్కింది. ఆ ఇటుక ఏ మట్టిపొర మీద నిలిచిందో, పక్క విహారపు గోడ దానికి ఎంత దూరంలో ఉన్నదో నీటి అడుగునే ఉండిపోయింది. ఆ సంగతులు తెలియాలంటే తవ్వకాల నివేదికలు, పటాలు, ఛాయాచిత్రాలే శరణ్యం.

శాసనాల విషయంలో ఈ నష్టం కొంత తక్కువ. వోగెల్ వంటి పండితులు అచ్చులను చూసి పాఠాలను ప్రకటించారు. అయితే శాసనపు అచ్చు అక్షరాన్ని చూపుతుంది కాని స్తంభం నిలిచిన చోటును చూపదు. మహాచైత్యానికి నాలుగు దిక్కులా ఉన్న ఆయక వేదికలలో ఏ స్తంభం ఎక్కడ పడి ఉన్నదో, ఎటు ఒరిగి ఉన్నదో చెప్పగలిగింది నెగటివ్.

ప్రభుత్వ పురావస్తు శాఖ తీయించిన గాజు పలకలు, ఫిల్ములు ఆ శాఖ భద్రతలోనే ఉండవలసినవి. వాటిని ఇంటి యంత్రం మీద పెట్టే ఆలోచనే తగదు. ఇక్కడ ప్రస్తావన వేరు. నీరు చేరకముందు లోయను చూసి సొంత కెమెరాతో బొమ్మలు తీసుకున్నవారి రీళ్లు, స్లైడ్లు ఏ సంస్థ జాబితాలోకీ ఎక్కవు. అటువంటి పెట్టె ఒకటి ఏ ఇంటి అటక మీదనో, ఏ విహార గ్రంథాలయంలోనో బయటపడినప్పుడు మొదట దొరికే సాధనం ఇంటి స్కానరే. కాగితాలకు వాడే మామూలు స్కానర్ దీనికి పనికిరాదు. ఫిల్మ్ గుండా వెలుతురు పంపే దీపం మూతలో ఉన్న రకం కావాలి.

అక్కడ జరిగే పొరపాట్లలో చరిత్రకు అత్యంత ప్రమాదకరమైనది ఫిల్మ్‌ను తిరగవేసి పెట్టడం. ఫిల్మ్‌కు ఒకవైపు నిగనిగలాడుతుంది, రెండోవైపు, అంటే రసాయనపు పూత ఉన్న వైపు, మందంగా కనిపిస్తుంది. మెరిసే వైపు నుండి చూసినప్పుడే అంచున ఉన్న అక్షరాలు, అంకెలు సరిగా చదువుకోవచ్చు. తిరగబడితే బొమ్మ అద్దంలో చూసినట్లు మారుతుంది. బ్రాహ్మీ అక్షరాలున్న బొమ్మ అయితే చదవగలిగినవారు వెంటనే పట్టుకుంటారు. అక్షరం లేని చోటనే చిక్కు. నాగార్జునకొండలోని కొన్ని స్తూపాల గర్భంలో ఇటుకలతో స్వస్తిక ఆకారాన్ని పేర్చారు. బొమ్మ తిరగబడితే ఆ స్వస్తిక ఎడమకు తిరుగుతుంది. ప్రదక్షిణ పథం అప్రదక్షిణమవుతుంది. కట్టడమే నీటిలో ఉన్నప్పుడు సరిచూసుకునేందుకు ఎవరు ఎక్కడికి వెళతారు?

రెండవ ప్రమాదం ధూళిని తుడిచే సౌకర్యం. ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో ధూళిని గుర్తించే పద్ధతి సాధారణ రంగుల ఫిల్మ్‌కు పనిచేస్తుంది. రంగు పొరల గుండా ఆ కిరణాలు సాగిపోతాయి, దుమ్ము దగ్గర ఆగుతాయి. నలుపు తెలుపు ఫిల్మ్‌లో బొమ్మ వెండి రేణువులతో ఏర్పడుతుంది. వెండి కూడా ఆ కిరణాలను అడ్డుకుంటుంది కనుక యంత్రానికి బొమ్మే దుమ్ముగా తోస్తుంది. పాతరకం కోడాక్రోమ్ స్లైడ్లతోనూ ఈ పేచీ ఉంది. ఇక సాఫ్ట్‌వేర్ తన ఊహతో చుక్కలను చెరిపే పద్ధతి ఇంకా చెడ్డది. బ్రాహ్మీలో అనుస్వారం ఒక చుక్క. మహాచైత్యానికి దాతగా శాసనాలు కీర్తించిన రాజకుమారి చాంతిసిరి పేరులోనే ఆ చుక్క ఉంది. చిన్న ఫిల్మ్ మీద స్తంభం మొత్తం పట్టేటట్లు తీసిన బొమ్మలో అది రెండు మూడు పిక్సెళ్లకు మించదు. యంత్రం దానిని దుమ్ము అనుకుంటే రాజకుమారి చాతిసిరి అవుతుంది. అసలు దుమ్మును చుక్కగా చదివే అవకాశమూ లేకపోలేదు. అందుకే ఏ దిద్దుబాటూ లేని ప్రతి ఒకటి విధిగా ఉండాలి. దుమ్మును మెత్తని కుంచెతోనో రబ్బరు బుడ్డి గాలితోనో ముందే తొలగించడం మేలు. తడిబట్ట తగిలితే పూతలోని జెలటిన్ ఉబ్బుతుంది. వెనిగర్ వాసన వచ్చే ఫిల్మ్‌ను మిగతావాటి నుండి వేరుచేసి, ముందుగా దానినే స్కాన్ చేయాలి.

సూక్ష్మత గురించిన ఆరాటం కొంత అనవసరం. 36 మిల్లీమీటర్ల ఫ్రేమును అంగుళానికి 2400 పిక్సెళ్ల చొప్పున స్కాన్ చేస్తే పొడవునా దాదాపు 3400 పిక్సెళ్లు వస్తాయి. యంత్రపు పెట్టె మీద ఇంతకు రెండింతలు, మూడింతలు రాసి ఉండవచ్చు. ఇంటి స్కానర్లలో ఆ అదనపు సంఖ్య ఫైలును పెంచినంతగా వివరాన్ని పెంచదు. మూలప్రతిని టిఫ్ రూపంలో దాచి, పంపకానికి మాత్రమే జెపెగ్ వాడటం సరిపోతుంది.

అంతకంటె ముఖ్యమైనది అంచులను కత్తిరించకపోవడం. మార్టిమర్ వీలర్ 1944లో తక్షశిలలో భారతీయ పురాతత్త్వ విద్యార్థులకు శిక్షణ ఇచ్చాడు. తవ్విన గోడను శుభ్రంగా చెక్కి, పక్కన కొలబద్ద నిలిపి బొమ్మ తీయడం ఆ సంప్రదాయంలో నియమం. కొలబద్ద తరచు ఫ్రేము అంచునే ఉంటుంది. స్కానర్ తనంతట తాను చట్రాన్ని గుర్తించే ఏర్పాటు ఆ అంచునే కోస్తుంది. కొలత లేని ఇటుక అందమైన ఇటుకే, కాని అది ఎంత పెద్దదో ఎవరూ చెప్పలేరు.

స్లైడు చట్రం మీద పెన్సిలుతో రాసిన మాటనూ, నెగటివ్‌లు ఉంచిన కవరునూ అదే స్కానర్ మీద పెట్టి తీయాలి. ఫిల్మ్ పట్టీలను ముక్కలు చేయకుండా, అంచు అంకెలతో సహా ఉంచాలి. 11వ ఫ్రేములో మహాచైత్యం, 14లో గుర్తుపట్టదగిన మరో చైత్యగృహం ఉంటే, నడుమనున్న 12, 13 ఫ్రేములలోని పేరులేని ఇటుక వరుసలను వెదకవలసిన చోటు ఆ రెంటి మధ్య దారిలోనే.