కృష్ణా మెట్టలో ఇంగ్లీషు వాక్యనమూనాల బోధన

ముందు భూతకాల క్రియ, వెనుక ప్రిపోజిషన్‌తో మొదలయ్యే పదబంధం. తెలుగు మాతృభాషగా ఉన్న విద్యార్థికి ఇంగ్లీషులో తొలుత ఎదురయ్యే వాక్యనమూనాల్లో ఇది ఒకటి. ‘హి వెంట్ టు స్కూల్’, ‘షి కేమ్ ఫ్రమ్ నందిగామ’ వంటివి దీనికి సాధారణ ఉదాహరణలు. ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలోని జగ్గయ్యపేట, నందిగామ 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. తెలుగునాట మిగతా చోట్ల లాగే ఇక్కడి బడుల్లోనూ ఈ నమూనాను నేర్పే పద్ధతి అనువాదం నుంచి సూత్రాలకు, సూత్రాల నుంచి పట్టికలకు, అక్కడి నుంచి సంభాషణకు మారుతూ వచ్చింది. పద్ధతి ఏదైనా తెలుగు విభక్తి మాత్రం పక్కనే నడిచింది.

నిర్మాణం

‘సోమవారం బస్సులో నందిగామ నుంచి జగ్గయ్యపేటకు వెళ్లాడు’ అనే వాక్యంలో క్రియ చివర ఉంది. ‘లో’, ‘నుంచి’, ‘కు’ నామవాచకాల వెనుక చేరాయి. ఎవరు వెళ్లారో విడిగా చెప్పనక్కరలేదు, ‘వెళ్లాడు’ అన్న క్రియే చెబుతుంది. ఇదే మాట ఇంగ్లీషులో ‘హి వెంట్ ఫ్రమ్ నందిగామ టు జగ్గయ్యపేట బై బస్ ఆన్ మండే’ అవుతుంది. క్రియ ముందుకు వస్తుంది, సంబంధం తెలిపే పదాలు నామవాచకాల ముందు నిలుస్తాయి, కర్తను తప్పకుండా చెప్పాలి.

భూతకాల రూపంలో తెలుగు విద్యార్థికి ఒక వెసులుబాటు ఉంది. తెలుగులో వెళ్లాను, వెళ్లావు, వెళ్లాడు, వెళ్లింది, వెళ్లారు అని కర్తను బట్టి క్రియ మారుతుంది. ఇంగ్లీషులో అన్నిటికీ ‘వెంట్’ ఒక్కటే. ‘గో – వెంట్ – గాన్’ అంటూ వీ వన్, వీ టూ, వీ త్రీ వరసలు బట్టీ పడితే ఆ భాగం చాలావరకు గట్టెక్కుతుంది. ‘డిడ్’ వచ్చినచోట మళ్లీ మొదటి రూపమే వాడాలన్న నియమం దగ్గరే తడబాటు ఎక్కువ. ‘డిడ్ నాట్ వెంట్’ అన్న తప్పు అలా వచ్చిందే.

అసలు చిక్కు క్రియ వెనుక భాగంలో ఉంది. తెలుగులో ‘ఆరింటికి’, ‘సోమవారం’, ‘1956లో’ అంటే సరిపోయే చోట ఇంగ్లీషు వరసగా ‘ఎట్’, ‘ఆన్’, ‘ఇన్’ కోరుతుంది. ‘బస్సులో వచ్చాడు’లోని ‘లో’ ‘ఇన్’ కాకుండా ‘బై’ అవుతుంది.

తొలి దశ

రెండు భాషల నిర్మాణాలను పక్కపక్కన పెట్టి తొలినాళ్లలో రాసినవారిలో తెలుగు నేర్చుకోవలసి వచ్చిన ఇంగ్లీషు అధికారులు ఉన్నారు. ఎ.డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణం 1816లో అచ్చయింది. మచిలీపట్నంలోనూ పనిచేసిన సి.పి. బ్రౌన్ వ్యాకరణం 1840లో వచ్చింది. తెలుగు పిల్లలకు ఇంగ్లీషు చెప్పే పని కృష్ణా ప్రాంతంలో మచిలీపట్నం కేంద్రంగా బలపడింది. రాబర్ట్ నోబుల్ 1843లో అక్కడ పెట్టిన పాఠశాలే తరువాత నోబుల్ కళాశాల అయింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక మెట్రిక్యులేషన్ పరీక్షకు ఇంగ్లీషు తప్పనిసరైంది. ప్లీడరు పనికీ సర్కారు కొలువుకూ అదే దారి కావడంతో మెట్ట ఊళ్ల నుంచి కూడా విద్యార్థులు పై చదువుకు పట్నాల బాట పట్టారు.

ఆనాటి బోధనకు అనువాదమే ఆధారం. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) స్థిరపరచిన ఏడు విభక్తుల పట్టిక పిల్లలకు కంఠస్థం. చేత, తోడ, కొఱకు, వలన, కంటె, యొక్క, అందు అని వల్లించిన నోటికి ఒక్కో ప్రత్యయం పక్కన ఒక్కో ఇంగ్లీషు మాటను తగిలించడం తేలిక. ‘చేత’కు ‘బై’, ‘తో’కు ‘విత్’, ‘కొరకు’కు ‘ఫర్’, ‘నుండి’కి ‘ఫ్రమ్’ అన్న జతలు ఇప్పటికీ గైడు పుస్తకాల్లో కనిపిస్తాయి.

సూత్రాల కాలం

19వ శతాబ్ది చివర జె.సి. నెస్‌ఫీల్డ్ వ్యాకరణాలు, 1935 తరువాత రెన్, మార్టిన్‌ల హైస్కూలు గ్రామర్ భారతదేశమంతటా వ్యాపించాయి. వాక్యాన్ని భాగాలుగా విడగొట్టి ఏ పదం ఏమిటో చెప్పడం, తగిన ప్రిపోజిషన్‌తో ఖాళీలు పూరించడం ఈ కాలపు ప్రధాన అభ్యాసాలు. ఖాళీలు పూరించే ప్రశ్న పరీక్షల్లో నేటికీ ఉంది.

జగ్గయ్యపేట అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ సరిహద్దున ఉండేది, అవతల నిజాం రాజ్యం. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగేది, ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశంగా ఉండేది. జగ్గయ్యపేట వైపు విద్యార్థి చదువు మాత్రం మద్రాసు పద్ధతిలో నడిచింది. ఇళ్లలో మాట్లాడే భూతకాల క్రియ కూడా ఈ సరిహద్దు దగ్గర మారుతుంది. ఇటు ‘నేను వచ్చా’ అంటే అటు ‘నేను వచ్చిన’ అంటారు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఇద్దరికీ ‘ఐ కేమ్’ ఒక్కటే.

పట్టికల కాలం

వాక్యాన్ని విడగొట్టి వివరించడం కంటే ఒక అచ్చును పదేపదే వాడించడం మేలన్న ఆలోచనకు హెరాల్డ్ పామర్ పునాది వేశాడు. ఆయన ప్రత్యామ్నాయ పట్టికల పుస్తకం 1916లో వచ్చింది. జపాన్‌లో ఆయనతో కలిసి పనిచేసిన ఎ.ఎస్. హార్న్‌బీ 1942లో టోక్యోలో వెలువడిన నిఘంటువులోనూ, 1954 నాటి వాక్యనమూనాల గ్రంథంలోనూ ఇంగ్లీషు క్రియలను 25 నమూనాలుగా వర్గీకరించాడు. క్రియ వెనుక ప్రిపోజిషన్ వచ్చే చోట చోటు, సమయం చెప్పడానికి స్వేచ్ఛగా చేరే పదబంధం ఒక రకం: ‘వెంట్ టు స్కూల్’. క్రియ తనకు కావలసిన ప్రిపోజిషన్‌ను తానే ఎంచుకునేది ఇంకో రకం: ‘లుక్డ్ ఎట్’, ‘వెయిటెడ్ ఫర్’. మొదటి రకానికి విభక్తి పట్టిక కొంతవరకు దారి చూపుతుంది, రెండో రకంలో అది నమ్మదగినది కాదు.

భారతదేశంలో ఈ పద్ధతి 1950లలో పాఠ్యప్రణాళికల్లోకి వచ్చింది. 1958లో హైదరాబాదులో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ దక్షిణాదిలో దీనికి పెద్ద కేంద్రం. కన్నడ కవి వి.కె. గోకాక్ దాని తొలి డైరెక్టరు. ఆ సంస్థే నేటి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. తెలుగు మాధ్యమం బడుల్లో తెలుగు మొదటి భాష, హిందీ రెండోది, ఇంగ్లీషు మూడోది.

పట్టిక నల్లబల్ల మీద నిలువు గడులుగా ఉంటుంది. మొదటి గడిలో ‘హి, షి, దే’, రెండో గడిలో ‘వెంట్, కేమ్, ర్యాన్’, మూడో గడిలో ‘టు, ఫ్రమ్’, చివరి గడిలో ‘ద మార్కెట్, ద స్కూల్, ద రివర్’. ఒక్కో గడి నుంచి ఒక్కో మాట తీసి పిల్లలు వాక్యం చెబుతారు. ప్రతి వాక్యమూ సరైనదే అవుతుంది కాబట్టి తప్పు నోటికి అలవాటు కాదు. పట్టిక దాటి సొంత వాక్యం చెప్పాల్సి వచ్చినప్పుడే పాత విభక్తి మళ్లీ పైకి వస్తుంది.

పట్టికల తరువాత

పట్టికల పద్ధతిలోని ఈ లోటును చూసిన ఎన్.ఎస్. ప్రభు 1979–84 మధ్య బెంగళూరు కేంద్రంగా, నమూనాలు పక్కన పెట్టి పనుల ద్వారా భాష నేర్పే ప్రయోగం చేశారు. ఆ ధోరణి క్రమంగా ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాల్లోకీ వచ్చింది. బడి బయట ర్యాపిడెక్స్ వంటి స్వబోధినులు, దినపత్రికల స్పోకెన్ ఇంగ్లీషు శీర్షికలు మాత్రం తెలుగు వాక్యం పక్కన ఇంగ్లీషు వాక్యం పెట్టే పాత దారినే పాఠకులకు చేరువ చేశాయి. 2008లో ‘సక్సెస్’ పాఠశాలల పేరుతో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమం మొదలైంది. 2020 తరువాత వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉంటాయి.

సాధారణ దోషాలు

తెలుగు ప్రత్యయాన్ని ఇంగ్లీషులోకి మోసుకుపోవడం వల్ల వచ్చే తప్పులు కొన్ని స్థిరపడిపోయాయి. ‘నాకు చెప్పాడు’ నుంచి ‘టోల్డ్ టు మి’, ‘ఊరికి చేరాడు’ నుంచి ‘రీచ్డ్ టు’, ‘దాని గురించి చర్చించారు’ నుంచి ‘డిస్కస్డ్ అబౌట్’, ‘గదిలోకి ప్రవేశించాడు’ నుంచి ‘ఎంటర్డ్ ఇన్‌టు’ పుట్టాయి. వీటిలో క్రియ సరైన భూతకాల రూపంలోనే ఉంది. తప్పంతా అక్కరలేని ప్రిపోజిషన్‌ది. దీనికి విలోమమైన తప్పూ ఉంది: ‘నేను చెప్పేది విన్నాడు’ను ‘లిజన్డ్ మి’ అనడం. తెలుగులో ప్రత్యయం కనబడని చోట ఇంగ్లీషు ‘టు’ కోరుతుంది. అందుకే అనుభవమున్న ఉపాధ్యాయులు ఇలాంటి క్రియలను ఒంటరిగా నేర్పరు. ‘లిజన్ టు’, ‘వెయిట్ ఫర్’ అని ప్రిపోజిషన్‌తో కలిపి ఒకే మాటగా బట్టీ పట్టిస్తారు, ‘రీచ్’, ‘డిస్కస్’ వెనుక ప్రిపోజిషన్ ఏదీ రాదని విడిగా చెబుతారు.