అమెరికా కళాశాల ఫుట్‌బాల్: శిక్షణ, వ్యూహాల పరిణామం (1880–1913)

వ్యాససంగ్రహం:

అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో బంతిని ముందుకు విసరడానికి 1906లో అనుమతి లభించింది. ఆటగాళ్ళ మరణాల నేపథ్యంలో వచ్చిన ఈ నియమం ఆట స్వరూపాన్ని వెంటనే మార్చలేదు. నియమం అవకాశాన్ని మాత్రమే ఇచ్చిందని, దానిని వ్యూహంగా మలచినది శిక్షణేనని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కళాశాల క్రీడలు, ఫుట్‌బాల్, శిక్షణ, వ్యూహం, నియమ సంస్కరణ.

1. ఉపోద్ఘాతం:

తెలుగునాట ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట. అమెరికాలో అదే పేరుతో పిలిచే ఆట వేరు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతబట్టుకొని, అడ్డువచ్చేవారిని దాటుకుంటూ ప్రత్యర్థి హద్దులోకి చేర్చడం అందులో ప్రధానం. ఈ ఆట పెరిగింది కళాశాలల్లోనే. 1869 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలల మధ్య జరిగిన పోటీని తొలి అంతర కళాశాల పోటీగా పరిగణిస్తారు. అప్పటికి బంతిని చేతబట్టి పరుగెత్తే పద్ధతి లేదు. తరువాతి దశాబ్దంలో రగ్బీ ప్రభావంతో అది ప్రవేశించింది.

2. గుంపు బలమే వ్యూహం:

యేల్‌కు చెందిన వాల్టర్ క్యాంప్ కృషి వల్ల 1880లో జట్టుకు 11 మంది అనే నియమం, బంతి ఒక జట్టు ఆధీనంలో ఉండగా ఆట మొదలయ్యే పద్ధతి వచ్చాయి. 1882లో మరో నియమం చేరింది. మూడు ప్రయత్నాల్లో 5 గజాలు ముందుకు సాగలేని జట్టు బంతిని వదులుకోవాలి. దీనితో ప్రతి కదలికను ముందుగా ఆలోచించుకొని అభ్యాసం చేసే వీలు కలిగింది. అయితే 5 గజాలకు నేర్పు కంటే బరువు చాలు. అందువల్ల ఆటగాళ్ళు ఒకరినొకరు పట్టుకొని, బంతి ఉన్నవాణ్ణి వెనుకనుంచి తోస్తూ, ప్రత్యర్థి వరుసపై పడేవారు.

ఈ ధోరణికి పరాకాష్ఠ 1892లో యేల్‌పై హార్వర్డ్ ప్రయోగించిన ‘ఫ్లయింగ్ వెడ్జ్’. దీనిని రూపొందించిన లోరిన్ డిలాండ్ ఫుట్‌బాల్ ఆటగాడు కాదు. నెపోలియన్ యుద్ధతంత్రాలను అధ్యయనం చేసినవాడు. ఆటగాళ్ళు దూరం నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి మేకు మొన ఆకారంలో కలిసి, ఆ వేగంతో ఒకే ప్రత్యర్థిని ఢీకొనడం ఇందులోని కిటుకు. ‘వ్యూహం’ అనే యుద్ధపదం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. శిరస్త్రాణం తప్పనిసరి కాని రోజులవి. కళాశాలల్లో ఆ నియమం 1939లో గాని రాలేదు.

3. 1905 సంక్షోభం:

1905 నాటికి ఆటగాళ్ళ మరణాలు పత్రికల్లో ప్రధాన చర్చనీయాంశమయ్యాయి. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ అక్టోబరు 9న హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను శ్వేతసౌధానికి పిలిపించి మాట్లాడాడు. కొలంబియా విశ్వవిద్యాలయం ఆటనే రద్దు చేసింది. స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు రగ్బీకి మళ్ళాయి. డిసెంబరులో న్యూయార్క్‌లో సమావేశమైన కళాశాలల చొరవతో ఏర్పడిన సంఘమే 1910లో ఎన్.సి.ఎ.ఎ. అనే పేరు పొందింది.

1906 సంస్కరణలలో ముఖ్యమైనవి మూడు. మూడు ప్రయత్నాల్లో సాగవలసిన దూరం 10 గజాలకు పెరిగింది. ఎదురెదురు వరుసల మధ్య ఖాళీ తప్పనిసరి అయింది. బంతిని ముందుకు విసరడానికి అనుమతి వచ్చింది. ఆటగాళ్ళు ఒకచోట గుమిగూడకుండా మైదానమంతా విస్తరించేలా చేయడమే వీటి ఆంతర్యం.

4. నియమం నుంచి అభ్యాసానికి:

విసిరిన బంతి ఎవరికీ తగలకుండా నేలపై పడితే అది ప్రత్యర్థి పరమయ్యేది. ఈ భయంతో పెద్ద జట్లు పాత పద్ధతిని వదలలేదు. సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయ శిక్షకుడు ఎడ్డీ కోకెమ్స్ మాత్రం 1906 వేసవిలో తన జట్టును విస్కాన్సిన్‌లోని బ్యూలా సరస్సు వద్దకు తీసుకువెళ్ళి, బంతి కుట్లపై వేళ్ళు ఆనించి, అది తన చుట్టూ తాను తిరిగేలా విసరడం సాధన చేయించాడు. సెప్టెంబరు 5న కారల్ కళాశాలపై బ్రాడ్‌బరీ రాబిన్సన్ విసిరిన తొలి పాస్ విఫలమై బంతి ప్రత్యర్థికి పోయింది. అయినా జట్టు ఆ మార్గం విడువలేదు. అదే పోటీలో మరో పాస్ ఫలించింది. ఆ ఏడాది ఆడిన 11 పోటీలనూ ఆ జట్టు గెలిచింది.

ఆదివాసీ పిల్లలను వారి భాషాసంస్కృతుల నుంచి వేరుచేయడానికి 1879లో నెలకొల్పిన కార్లైల్ పాఠశాలలో పాప్ వార్నర్ ఇచ్చిన శిక్షణ మరో ఉదాహరణ. బరువులో తక్కువైన ఆ జట్టు వేగాన్ని, ఏమరుపాటు కలిగించే కదలికలను ఆయుధాలుగా చేసుకుంది. 1912 నవంబరు 9న జిమ్ థోర్ప్ ఆడిన కార్లైల్ జట్టు వెస్ట్ పాయింట్‌లో సైనిక అకాడమీని 27–6తో ఓడించింది. ఓడిన జట్టులో భావి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఉన్నాడు.

1913 వేసవిలో నోటర్ డేమ్ ఆటగాళ్ళు గస్ డొరాయ్, న్యూట్ రాక్నీ ఈరీ సరస్సు తీరంలోని సెడార్ పాయింట్‌లో పనిచేస్తూ, తీరికవేళల్లో ఇసుకలో పాస్‌లు సాధన చేశారు. నవంబరు 1న అదే సైనిక అకాడమీపై డొరాయ్ 17 పాస్‌లలో 14 సఫలం చేసి 243 గజాలు సాధించాడు. నోటర్ డేమ్ 35–13తో గెలిచింది. పాస్ కొత్తది కాదు. అప్పటికి దానికి ఏడేళ్ళు. పరుగెడుతున్నవాని చేతికి బంతి సరిగ్గా అందేలా ఇద్దరు సమన్వయం సాధించడమే కొత్త.

5. ముగింపు:

సంస్కరణ ఒక్కసారితో ముగియలేదు. 1909లోనూ మరణాలు సంభవించాయి. బంతి ఉన్నవాణ్ణి తోయడం, చేతులు పెనవేసుకొని సాగడం 1910లో నిషిద్ధమయ్యాయి. పాస్‌పై ఉన్న 20 గజాల పరిమితి 1912లో తొలగిపోయింది. 10 గజాలకు నాలుగో ప్రయత్నం దక్కింది. ఈ చరిత్రలో నియమకర్తలు ప్రమాదకర మార్గాలను ఒక్కొక్కటిగా మూస్తూ వచ్చారు. తెరిచిన కొత్త మార్గంలో నడవడం నేర్పింది మాత్రం సరస్సుల ఒడ్డున జరిగిన సాధన. క్రీడలో ప్రాణరక్షణకు నియమం ఎంత అవసరమో, ఆ నియమానికి ప్రాణం పోసే శిక్షణ అంతే అవసరమని దీనివల్ల తెలుస్తోంది.