అస్త్రనామాలు, వేపగింజల కషాయం

నీమాస్త్రం, అగ్న్యస్త్రం, బ్రహ్మాస్త్రం. పెరటి మొక్కపై పురుగు కనబడగానే నేడు తెలుగునాట వినవచ్చే పేర్లివి. ధనుర్వేదాన్ని స్ఫురింపజేసే ఈ నామాలను విని, ఈ కషాయాలన్నీ ఋషిప్రోక్తాలని విశ్వసించే ఆస్తికులు అనేకులు. ఆ విశ్వాసంలో సత్యాంశం కొంతయే. ఈ పేర్లను విశేషంగా వ్యాప్తిలోకి తెచ్చినవారు మన కాలంలోనే మహారాష్ట్రకు చెందిన శ్రీ సుభాష్ పాలేకర్. ఇక ఆంధ్రదేశంలో వీటి ఆవశ్యకతను తీవ్రంగా తెలియజేసినది గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి.

ప్రాచీనులకు వృక్షచికిత్స తెలియనిది కాదు. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ప్రత్యేకాధ్యాయాన్నే కేటాయించాడు. ఆకులు పాలిపోవడం, చిగురు ఎదగకపోవడం, కొమ్మలు ఎండడం, రసం స్రవించడం రోగలక్షణాలని చెప్పి, చెడిన భాగాన్ని శస్త్రంతో తొలగించి, వాయువిడంగాలు, నెయ్యి, ఒండ్రుమట్టి కలిపిన లేపనం పూసి, పాలు కలిపిన నీటితో తడపమని విధించాడు. సురపాలుడు వృక్షాలకు సైతం వాత పిత్త కఫ దోషాలను అన్వయించాడు. ఆయన వృక్షాయుర్వేదపు ప్రతి ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉండగా, సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో డాక్టర్ నళినీ సాధలే గారి ఆంగ్లానువాదంతో దానిని ప్రకటించింది. అందులోని ప్రసిద్ధ కుణపజలం మాంసాదులను ఉడికించి పులియబెట్టి చేసే పోషకద్రవం. నేడు శాకాహార రూపంలో దానిని తయారుచేసేవారు ఈ మూలవిషయాన్ని ప్రస్తావించరు, ప్రస్తావించడమే న్యాయం.

ఇక నల్లరేగడి కథ. 1970ల నుండి గుంటూరు, ప్రకాశం మైదానాలలో పొడవు పింజ పత్తి విస్తరించింది. దానితో ఎరువులు, పురుగుమందులు, అప్పులు సహగమించాయి. 1980ల ఆరంభంలో ప్రవేశించిన సింథటిక్ పైరెత్రాయిడ్ మందులు తొలుత అద్భుతఫలాన్నిచ్చాయి. చేమంతి జాతి పుష్పంలోని విషాన్ని అనుకరించి నిర్మించినవే అవి! అయితే అవి పురుగును తినే మిత్రకీటకాలను కూడా సంహరించాయి. 1980ల మధ్యలో తెల్లదోమ చెలరేగింది. 1987-88లో శనగపచ్చ పురుగు ఏ మందుకూ లొంగక కాయలను తొలిచివేసింది. ఆంధ్రప్రదేశ్ నుండి సేకరించిన ఆ పురుగులలో పైరెత్రాయిడ్లను తట్టుకునే శక్తి వృద్ధిచెందినదని శాస్త్రజ్ఞులు పరీక్షించి నిర్ధారించారు. పంట పోయి, అప్పు మిగిలి, ఆ సంవత్సరం కొందరు కర్షకులు స్వయంగా ప్రాణాలు విడిచారు. కీటకానికి ఉద్దేశించిన విషం దానిని చల్లిన వాని ఇంటినే దహించింది.

వేపను లోకం శాస్త్రదృష్టితో పరిశీలించనారంభించినది అంతకుముందే. 1959లో సూడానులో మిడతల దండు పచ్చదనమంతటినీ భక్షించి వేపచెట్లను మాత్రం విడిచిపోవడాన్ని జర్మన్ శాస్త్రజ్ఞుడు హైన్రిష్ ష్ముటరర్ గమనించాడు. వేపగింజలోని అజాడిరాక్టిన్ కీటకానికి ఆహారవిముఖతను కలిగిస్తుంది, కుబుసం విడిచే ప్రక్రియను భంగపరుస్తుంది. వేప ఆధారిత శిలీంధ్రనాశినిపై ఇచ్చిన పేటెంటును ఐరోపా పేటెంట్ కార్యాలయం 2000లో రద్దుచేసి, 2005లో ఆ నిర్ణయాన్నే స్థిరపరచింది. తెలుగునాట ఖమ్మం జిల్లా పునుకుల రైతులు రసాయన మందులను విడనాడి వేప కషాయాలతో పత్తి పండించారు. 2004-05 నుండి మహిళా సంఘాల ద్వారా ఆ పద్ధతి ఇతర జిల్లాలకు వ్యాపించింది. నేడు ప్రకృతి వ్యవసాయాన్ని నడిపే రైతు సాధికార సంస్థ కేంద్రస్థానం గుంటూరే కావడం గమనార్హం.

కషాయం అహింసయేనా? కాదు. కుబుసం విడువలేని పురుగు మరణించక తప్పదు. మహాభారతంలోని ధర్మవ్యాధుడు నాగలి క్రింద అసంఖ్యాక ప్రాణులు నశిస్తాయని కౌశికునికి నిస్సంకోచంగా చెబుతాడు. మనుస్మృతి పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీటికుండలను గృహస్థుని పంచసూనలుగా లెక్కించి, ఆ దోషనివృత్తికి పంచమహాయజ్ఞాలను విధించింది. పిచికారీ సీసా ఆ వరుసలో ఆరవది అనుకోవచ్చు. హింస తప్పనిచోట దానిని అల్పం చేయడమే గృహస్థధర్మం. అందుకే మందారానికి పిండినల్లి పట్టినప్పుడు ప్రథమచికిత్స తడిగుడ్డతో తుడవడం, నీటిధారతో కడగడం.

అది చాలనినాడు, 50 గ్రాముల వేపగింజల పొడిని లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, పలుచని గుడ్డతో వడగట్టి, కొద్దిగా కుంకుడురసం చేర్చాలి. కుంకుడు లేకుంటే ద్రవం ఆకుపై నిలువదు. సూర్యరశ్మికి అజాడిరాక్టిన్ క్షీణిస్తుంది గనుక సాయంసంధ్యలో, ఆకు అడుగుభాగం తడిసేటట్లు చల్లాలి. ముందు ఒకటి రెండు ఆకులపై పరీక్షించడం మేలు. మిరప-వెల్లుల్లి ద్రావణం కళ్ళను, చర్మాన్ని మండిస్తుంది. అగ్న్యస్త్రంలో చేరే పొగాకు నికోటిన్ అనే తీవ్రవిషాన్ని కలిగినది. ఇంటిలో దానిని కాచరాదు. పైగా పొగాకులోని వైరస్ మిరప, టమాటా మొక్కలకు సంక్రమించగలదు.

గుంటూరు మిరపకు తన ఘాటు తనను కాపాడలేదు. 2021-22లో నల్ల తామర పురుగు పూతలో చేరి తోటలకు తోటలను నాశనం చేసినప్పుడు రసాయనాలు, కషాయాలు రెండింటికీ అది సులభంగా లొంగలేదు.

తులసి విషయం వేరు. ఆ దళం తీర్థంలో చేరుతుంది, నోటికి వస్తుంది. పురుగు పట్టిన రెమ్మలను తుంచివేయడమే అక్కడ ఉత్తమం. వేపకషాయమైనా చల్లవలసివస్తే పూజకు కావలసిన దళాలను ముందే కోసుకొని, తరువాత కొన్ని దినాలు ఆ మొక్కను విడిచిపెట్టి, పిమ్మట కడిగి వినియోగించాలి.