నలుపు: తెలుగు స్త్రీల మేనిఛాయ, ఆత్మగౌరవం

మేనిఛాయ వివక్ష అంటే ఒకే జాతిలో, ఒకే కులంలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో పుట్టినవాళ్ళను ఒంటిరంగును బట్టి ఎక్కువ తక్కువలు చేసి చూడటం. జాతి వివక్షకు ఇది తోబుట్టువు. అమెరికా నల్లజాతి రచయిత్రి ఆలిస్ వాకర్ 1980ల మొదట్లో దీనికి ‘కలరిజం’ అని పేరు పెట్టారు. తెలుగునాట అనే మాట ‘రంగు తక్కువ’. ఆ మాట పడేది ఎక్కువగా ఆడపిల్లల మీదే. పెళ్ళికొడుకు నల్లగా ఉంటే ఉద్యోగం, పొలం అడిగి ఊరుకునే పెద్దలు, పెళ్ళికూతురి విషయంలో మొదట రంగే అడుగుతారు.

ఈ పక్షపాతం తెలుగు మాటల్లోనే కనిపిస్తుంది. తెల్లగా ఉన్న పిల్లను ‘ఎర్రగా బుర్రగా ఉంది’, ‘పచ్చగా ఉంది’, ‘పసిమిఛాయ’ అంటారు. అంతకన్నా కాస్త తగ్గితే చామనఛాయ. నలుపు దగ్గరికి వచ్చేసరికి మెచ్చుకోలు పోయి ఓదార్పు మొదలవుతుంది: ‘రంగు తక్కువైనా కళగల ముఖం’, ‘నలుపు నారాయణ మెచ్చు’. ఆ ‘అయినా’లోనే ముల్లుంది. నలుపును ఈ సంస్కృతి ఎన్నడూ గౌరవించలేదా అంటే అదీ కాదు. ముత్తయిదువ మెడలో నల్లపూసలు ఉంటాయి, పసిబిడ్డ బుగ్గన దిష్టిచుక్క ఉంటుంది, రైతు నల్లరేగడి నేలను చూసి మురిసిపోతాడు. భారతంలో ద్రౌపది నల్లనిది కాబట్టే ‘కృష్ణ’ అయింది. జాలరుల ఇంట పడవ నడిపి పెరిగిన సత్యవతికి ‘కాళి’ అని మరో పేరు. ఆడపిల్లలకు కృష్ణవేణి, శ్యామల అని ముద్దుగా పేర్లు పెడతారు. పేరులో ఉన్న గౌరవం పెళ్ళిచూపుల దాకా రాదు.

చర్మానికి రంగునిచ్చేది మెలనిన్ అనే పదార్థం. అది ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి చర్మాన్ని కాపాడుతుంది. ఎండ ఎక్కువగా కాసే దేశాల్లో నల్లని చర్మం ఒంటికి కవచం. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2013 నాటి పరిశోధన, భారతీయుల్లో రంగు తేడాలకు ఎస్‌ఎల్‌సి24ఏ5 అనే జన్యువులోని మార్పు ఒక ముఖ్య కారణమని తేల్చింది. బిడ్డ రంగు తల్లిదండ్రుల జన్యువులను బట్టి వస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు పాలలో కుంకుమపువ్వు వేసుకు తాగినంత మాత్రాన అది మారదు.

పుట్టుకతో వచ్చిన రంగుకు పనిలో ఎండ తోడవుతుంది. ఉదాహరణకు, ఏలూరు జిల్లా భీమడోలు మండలంలోని గుండుగొలను, జాతీయ రహదారి పక్కనున్న ఊరు. దానికి దక్షిణాన కొల్లేరు సరస్సు. సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) వరి నాట్ల రోజుల్లో ఈ ప్రాంతమంతా చేలల్లో వంగి కనిపించేది ఆడకూలీలే. చీర మీద మగవాళ్ళ పాత పొడుగుచేతుల చొక్కా తొడిగి, గుండీలన్నీ పెట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని మడిలో దిగుతారు. ఆ చొక్కా ఎండకూ అడ్డే, వరి ఆకు కోతకూ అడ్డే. అయినా ముఖం, మెడ కమిలి నల్లబడతాయి. అదే ఊళ్ళో ఎండకు వెళ్ళనక్కర్లేని ఇళ్ళలో తల్లులు కూతుళ్ళను ‘ఎండలో తిరక్కే, నల్లబడిపోతావ్’ అని కసురుతారు. నీడపట్టున ఉండగలగడం హోదా, ఎండలో పనిచేయడం తక్కువతనం అన్న లెక్క ఇలా చర్మం మీదికి ఎక్కింది. నాట్లు వేసేవాళ్ళలో దళిత, వెనుకబడిన కులాల స్త్రీలే ఎక్కువ కాబట్టి రంగును చూసి కులాన్ని ఊహించే అలవాటు కూడా స్థిరపడింది. నిజానికి ప్రతి కులంలోనూ అన్ని రంగులవాళ్ళూ ఉంటారు. ఆ అలవాటుకు ఆధారమేమీ లేదు. పెళ్ళి బేరంలో మాత్రం రంగుకు వెల కడతారు. నల్లపిల్లకు కట్నం పెంచి అడగడం తెలుగు కుటుంబాలకు కొత్త సంగతి కాదు. ఇందులో అవమానం పిల్లది, అప్పు తండ్రిది.

ఈ భయం మీదే ఒక వ్యాపారం నిలబడింది. ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ క్రీము 1975లో మార్కెట్లోకి వచ్చింది. నల్లగా ఉన్న అమ్మాయికి ఉద్యోగం రాదు, రంగు తేలగానే వస్తుంది అన్న కథనే దశాబ్దాలపాటు ఇలాంటి క్రీముల ప్రకటనలు చెప్పాయి. నల్లని చర్మాన్ని తక్కువ చేసి చూపకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో నియమం పెట్టింది. ఇంతకన్నా ప్రమాదం స్టెరాయిడ్ క్రీములది. బీటామెథసోన్, క్లోబెటసాల్ కలిసిన పూతమందులను తెల్లబడతామని నెలల తరబడి రాసుకుంటే చర్మం పలచబడుతుంది, మొటిమలు లేస్తాయి, ముఖాన ఎర్రటి రక్తనాళాలు తేలతాయి. మానేస్తే మంట. డాక్టరు చీటీ లేకుండా ఇలాంటి మందులు అమ్మకూడదని కేంద్రం 2018లో కట్టడి చేసింది. 2020లో అమెరికాలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత నల్లజాతి ఉద్యమం ప్రపంచాన్ని కదిలించినప్పుడు, ఆ వేడి ఇక్కడికీ తగిలింది. ఆ ఏడాదే ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ పేరు ‘గ్లో అండ్ లవ్లీ’ అయింది. ఒక పేరున్న పెళ్ళి సంబంధాల వెబ్‌సైటు రంగును బట్టి వెతికే వీలును తీసేసింది.

జాతి వివక్ష, మేనిఛాయ వివక్ష రెండూ ఒకే మనిషికి ఎదురైన సందర్భం దావులూరి నీనాది. ఆమె 1989లో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో పుట్టిన తెలుగమ్మాయి. పసితనంలో కొంతకాలం విజయవాడలో అమ్మమ్మ దగ్గర పెరిగింది. 2013 సెప్టెంబరు 15న అట్లాంటిక్ సిటీలో మిస్ అమెరికాగా ఎన్నికైంది. భారతీయ మూలాలున్న స్త్రీకి ఆ కిరీటం దక్కడం అదే మొదటిసారి. గంటల్లోనే ఆమెను అరబ్బు అని, ఉగ్రవాది అని ట్విటర్‌లో తిట్టిపోశారు. అదే సమయంలో భారతదేశంలో మరో చర్చ లేచింది: ఇంత చామనఛాయతో ఈమె ఇక్కడి అందాల పోటీలో నెగ్గేదేనా? అక్కడ పరాయిదన్నారు, ఇక్కడ రంగు తక్కువన్నారు. దూషణలను దాటి నిలబడాలన్నదే నీనా జవాబు. తర్వాత ఆమె మేనిఛాయ వివక్ష మీద డాక్యుమెంటరీ తీసింది. ఆమెకు సరిగ్గా 30 ఏళ్ళ ముందు, 1983 సెప్టెంబరులో, అదే ఊళ్ళో వెనెస్సా విలియమ్స్ తొలి నల్లజాతి మిస్ అమెరికా అయింది. ఆమెకు చంపుతామని బెదిరింపులు వచ్చాయి. అనుమతి లేకుండా అచ్చయిన ఫోటోల కారణంగా కిరీటం వదులుకోవలసి వచ్చింది. నిర్వాహకులు ఆమెకు బహిరంగంగా క్షమాపణ చెప్పడానికి 2015 దాకా పట్టింది.

తెలుగు గడ్డ మీద నలుపును తలెత్తుకుని చెప్పుకున్నది ముఖ్యంగా దళిత స్త్రీల సాహిత్యం. 1993లో వచ్చిన స్త్రీవాద కవితా సంకలనం ‘నీలిమేఘాలు’, 1995లో వచ్చిన దళిత కవిత్వం ‘చిక్కనవుతున్న పాట’ తెలుగు సాహిత్యాన్ని కుదిపాయి. అయితే స్త్రీవాదంలో తమ కులం, దళితవాదంలో తమ ఆడబతుకు మరుగున పడుతున్నాయని దళిత స్త్రీలు గట్టిగా నిలదీశారు. తెల్లజాతి స్త్రీవాదాన్ని అమెరికా నల్లజాతి స్త్రీలు అడిగిన ప్రశ్నకు ఇది దగ్గరి చుట్టం. చల్లపల్లి స్వరూపరాణి, జాజుల గౌరి, జూపాక సుభద్ర, గోగు శ్యామల ఈ దారిన నడిచినవాళ్ళే. ఎండలో పనిచేసే ఒంటిని, మాదిగ వాడ భాషను, తల్లుల తెగువను సిగ్గుపడకుండా సాహిత్యంలోకి తెచ్చారు. దళిత స్త్రీలు 1921 నుంచి 2002 దాకా రాసిన రచనలను గోగు శ్యామల ఏరి కూర్చిన సంకలనం పేరు ‘నల్లపొద్దు’. 2006లో జూపాక సుభద్రతో కలిసి ఆమె తెచ్చిన మాదిగ స్త్రీల కథల సంపుటి పేరు ‘నల్లరేగటి సాల్లు’.